కోలుకుంటున్న రోగి వేషం

క్రీడల కోసం కొత్తగా కట్టిన ఆసుపత్రి. ఆటలు ఏ దేశానికివ్వాలో తేల్చే కమిటీ ఇంకా రాలేదు. వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు.

"అంత నీరసం వద్దన్నయ్యా. మనకిచ్చింది చచ్చిపోయే రోగి వేషం కాదు, కోలుకుంటున్న రోగి వేషం."

"కోలుకుంటున్నట్టే ఉన్నాను కదా తమ్ముడూ."

"ఏం కోలుకోవడం. మెడ చూడండి, తోటకూర కాడలా వాలిపోయింది. దిండు ఎత్తుగా పెట్టుకోండి. కళ్ళు ఇంత తెరవండి. పెదాల మీద చిన్న నవ్వు. పెద్దది వద్దు, పెద్దగా నవ్వితే రోగమే లేదనుకుంటారు."

"ఇలాగా?"

"అది నవ్వు కాదు, పన్నునొప్పి. పోనీలెండి, మెల్లగా వస్తుంది. మీకిదే మొదటిసారా?"

"మొదటిసారే. మీకు?"

"నాకు ఇదే పని. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నాటకాల్లో ఉన్నాను. నాటకాలు చూసేవాళ్ళు లేరిప్పుడు, కమిటీలున్నాయి. వాళ్ళు విమానం దిగేసరికి సూట్‌కేసు పట్టుకుని హడావిడిగా నడిచిన ప్రయాణికుణ్ణి నేనే. నిన్న కొత్త మెట్రోలో పేపరు చదువుతూ ఆఫీసుకెళ్ళింది నేనే. అదే పేపరు, అదే పేజీ, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. పొద్దున పార్కులో మనవణ్ణి ఆడించాను. ఎవరి మనవడో పాపం, ఒకటే ఏడుపు."

"వాళ్ళు గుర్తుపట్టరా?"

"మనమంతా వాళ్ళకి ఒక్కలాగే ఉంటాం. పైగా మీసం మారుస్తాను. ఇంతకీ మీరెలా వచ్చారు దీంట్లోకి?"

"కాంట్రాక్టరే తీసుకొచ్చాడు."

"బాగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే తీసుకుంటాడతను. నన్ను మెట్లన్నీ ఎక్కించి దించాడు, ఆయాసమొస్తుందేమోనని."

"నన్నూ ఎక్కించాడు."

"నిజం రోగులైతే దగ్గుతారట, వాంతి చేసుకుంటారట, వచ్చినవాళ్ళని అడక్కూడనివి అడుగుతారట. అదంతా ఎందుకని."

"అవును. నాకూ అదే చెప్పాడు."

"నేల చూశారా? చలువరాయి. ఆసుపత్రికి చలువరాయి దేనికండీ అంటే, పక్క దేశం వాళ్ళు వేశారట. వాళ్ళు పైకప్పు తెరుచుకునే స్టేడియం కడుతున్నారని తెలిసేసరికి, మనం సగం కట్టినదాన్ని పడగొట్టి మళ్ళీ మొదలుపెట్టాం."

"జెండా సంగతీ అంతే. వాళ్ళు పెద్ద జెండా ఎగరేశారని మనం అంతకంటే పెద్దది కుట్టించాం. కుట్టింది మా షాపే."

"మీరు దర్జీలా? చెప్పరేం. ఆ స్టేడియం ముందున్నది మీరు కుట్టిందేనా?"

"ఒక్కణ్ణే కాదు, చాలామందిమి. షాపులో చోటు చాలక రోడ్డు మీద పరిచి కుట్టాం. తీరా ఎగరేస్తే గాలికి లేవదు. అంత బరువు. తడిబట్టలా వేలాడుతూ ఉంటుంది."

"అందుకా. నేను గాలి లేదేమో అనుకున్నాను."

"అసలు ఆటలు మనకిచ్చారా తమ్ముడూ, ఇవ్వలేదా?"

"ఎక్కడిచ్చారు. చివరికి మనమూ వాళ్ళూ మిగిలాం. ఇవాళొచ్చే కమిటీ ఏం రాస్తే అది."

"పెళ్ళిచూపులకే ఇల్లమ్మేశామన్నమాట."

"మెల్లగా. గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుని ఒకడున్నాడు. అయినా మనం ఒక్కళ్ళమేనా, వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? కమిటీ వెళ్ళినప్పుడు కొత్త బస్సులు, కొత్త అంబులెన్సులు బారులు తీర్చి చూపించారట. కమిటీ విమానమెక్కగానే ఎక్కడివి అక్కడికి తోలేశారట. మనవాళ్ళు ఊరుకుంటారా, ఫోటోలు తీయించి కమిటీకి పంపించారు."

"పేపర్లో చూశాను. షాపులో అందరం పడీ పడీ నవ్వుకున్నాం. బాగా అయిందనుకున్నాం."

"బాగానే అయింది. ఇదుగో, కబుర్లలో పడి మర్చిపోయాం. ఈ గొట్టాలు చేతికి ప్లాస్టరుతో అంటించుకోవాలట. లోపల రక్తమని కంగారు పడకండి, రంగు నీళ్ళు. చెయ్యివ్వండి, నేనంటిస్తాను."

"ఈ చెయ్యి తీసుకోండి. అది వద్దు."

"ఈ గొట్టాలు తగిలించే మిషను అటుంది కదా, అటు చెయ్యే ఇవ్వాలి. మీరు ఇందాకట్నుంచీ దాని వంకే చూస్తున్నారు, చెయ్యి మాత్రం ఇవ్వరు. కవరు బాగుంది దానికి, రంగురంగుల ముక్కలతో."

"నేను కుట్టిందే."

"ఏమిటీ?"

"ఏం లేదు."

"చొక్కా చెయ్యి పైకి లాగండి. ఇదేమిటన్నయ్యా, ఇక్కడ ఇలా ఉబ్బింది? లోపల ఝుమ్మంటోంది. తేనెటీగని పెట్టి కుట్టేసినట్టు."

"చెయ్యి వదలండి తమ్ముడూ."

"ఉండండి. కాళ్ళు చూపించండి. నేనింకా దూది చుట్టుకున్నారేమో, భలే తయారై వచ్చారే అనుకున్నాను. నొక్కితే గుంట పడింది. పైకి లేవట్లేదు."

"లేస్తుంది. కాసేపు పడుతుంది."

"అన్నయ్యా, మీరు వేషం వేయట్లేదు."

"కాంట్రాక్టరుకి చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆ మాటలెందుకు. ఏమైంది మీకు?"

"రెండు కిడ్నీలూ పోయాయి. పెద్దాసుపత్రిలో వంతు ప్రకారం ఎక్కిస్తారు మిషను మీద. రక్తం బయటికి తీసి కడిగి మళ్ళీ లోపలికి పంపిస్తుంది. దాని సూదుల కోసమే ఈ చేతిలో నరాలు కలిపి కుట్టారు. అదుంటే మనిషిలా తిరుగుతాను, కుట్టుకుంటాను. మొన్న నా వంతుకి వెళ్తే మిషన్లు లేవు. గది ఖాళీ. లారీల్లో తీసుకుపోయారన్నారు. ఎక్కడికని అడిగితే ఒక్కడూ నోరు విప్పడు. చివరికి ఊడ్చే ఆవిడ చెప్పింది, కమిటీకి చూపించడానికి కొత్త ఆసుపత్రిలో పెట్టారని."

"అంటే ఇది..."

"ఇదే. నాది. ఎక్కడున్నా గుర్తుపడతాను. ఖాళీగా ఉన్నప్పుడు దుమ్ము పడుతోందని, జెండాలో మిగిలిన ముక్కలు తెచ్చి నేనే కుట్టాను ఆ కవరు. మేమందరం దీన్ని అత్తగారు అంటాం."

"అత్తగారా?"

"మరి? ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుందంటే లేవనివ్వదు. నీళ్ళు తాగనివ్వదు. మధ్యలో కుయ్యిమందంటే ఇంటిల్లిపాదీ పరుగెత్తాలి. అయినా ఆవిడ లేకపోతే ఇల్లు గడవదు."

"అందుకని అత్తగారి వెనకే వచ్చేశారు."

"ఏం చేయను? మనుషుల్ని తీసుకుంటున్నారని మా సందులో అనుకుంటుంటే విన్నాను. గడ్డం గీసుకుని, మొహానికి పౌడరు రాసుకుని వెళ్ళాను. మెట్లెక్కించాడు. పైకెళ్ళి గోడ చాటున కూర్చుని ఊపిరి తీసుకున్నాను. తర్వాత నవ్వుతూ దిగాను."

"రోగి అయ్యుండి, రోగం లేనివాడిలా నటించి, రోగి వేషం సంపాదించారు. నేనా మీకు నేర్పేది?"

"ఇక్కడి దాకా వస్తే ఎవరో ఒకరు ఎక్కించకపోతారా అనుకున్నాను. నాకు అంతకంటే ఆలోచన రాలేదు తమ్ముడూ."

"వేరే ఆసుపత్రులు లేవా?"

"ఊళ్ళో సర్కారు మిషన్లన్నీ ఈ వార్డులోనే ఉన్నాయి, చూడండి ఆ వరస. ప్రైవేటు వాళ్ళ గుమ్మం నాలాంటివాడు తొక్కగలడా?"

"ఎవరో వస్తున్నారు. నర్సు. పడుకోండి, పడుకోండి."

"గొట్టాలు అంటించుకున్నారా ఇద్దరూ? కమిటీ కింద అంతస్తుకి వచ్చేసింది. ఎవరు... టైలర్ గారూ? మీరిక్కడేం చేస్తున్నారు?"

"నమస్కారం సిస్టర్. మిమ్మల్ని చూస్తే ప్రాణం లేచొచ్చింది."

"గట్టిగా మాట్లాడకండి. మిమ్మల్ని ఎవరు రానిచ్చారు?"

"వేషానికి వచ్చాను. మీరు?"

"మిషన్లతో పాటు నన్నూ లారీ ఎక్కించారు. నడిపే మనిషి కూడా ఉన్నట్టు కనపడాలట. మీకు వంతు పోయి ఎన్నాళ్ళయింది?"

"పోయిన వారం ఎక్కించింది మీరే. తర్వాత వంతు పోయింది. దాని తర్వాతదీ పోయింది."

"అయ్యో. ఊపిరి అందుతోందా?"

"కూర్చుంటే అందుతోంది. పడుకుంటే అందట్లేదు."

"మరెందుకు పడుకున్నారు?"

"వేషం అదే కదమ్మా."

"లేవండి, లేచి కూర్చోండి. ఏమండీ పక్కాయనా, మీ దిండు కూడా ఇటివ్వండి."

"ఇదుగో, దుప్పటి కూడా తీసుకోండి సిస్టర్. మడిచి వెనక పెట్టండి."

"మా వాళ్ళందరూ ఎలా ఉన్నారు టైలర్ గారూ? అక్కడే ఉన్నారా?"

"వరండాలోనే ఉన్నారు అందరూ. మా ఆవిడా అక్కడే ఉంది, చోటు పోకుండా దుప్పటి పరుచుకుని. మిషన్లు తిరిగొస్తే ముందు మేమే ఉండాలని. నేను జెండాల పనికి వెళ్ళాననుకుంటోంది."

"పంతులమ్మగారు?"

"ఆవిడ రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"రాలేదు సిస్టర్."

"నిన్న వచ్చారా?"

"నిన్న వచ్చింది. వాళ్ళబ్బాయి రిక్షాలో తీసుకొచ్చాడు. ఇవాళ అబ్బాయి ఒక్కడే వచ్చి, ఆవిడ చాప మడిచి తీసుకెళ్ళాడు. ఇంకేం అడక్కండి."

"పోయిన వారం ఆవిణ్ణీ నేనే ఎక్కించాను."

"సిస్టర్, ఒక మాట. మిషనుంది. మీరున్నారు, నేనున్నాను. సూదులూ ఉండే ఉంటాయి. వాళ్ళు పైకొచ్చేలోపు కాసేపు ఎక్కించండి."

"వీలు కాదు."

"పూర్తిగా వద్దు. సగం."

"టైలర్ గారూ..."

"సగంలో సగం. కాస్త ఊపిరి ఆడేంత."

"నీళ్ళు లేవు."

"గోడకి అన్ని కుళాయిలున్నాయి, నీళ్ళు లేవంటారేమిటమ్మా?"

"పక్కాయనా, మీరు ఒకటి తిప్పి చూపించండి."

"తిప్పుతున్నాను. తిరుగుతోంది, ఏమీ రావట్లేదు. ఇంకాస్త... ఇదేమిటి సిస్టర్, కుళాయి చేతిలోకి ఊడొచ్చింది. వెనక గొట్టమే లేదు."

"లేదు. ఈ గోడలో ఎక్కడా లేదు. చలువరాయి ముందు పరిచేశారు, గొట్టాలు ఆటలు మనకొస్తే వేస్తారట. అయినా మామూలు నీళ్ళు దీనికి పనికిరావు. శుద్ధి చేసినవి కావాలి, అవీ బిందెలకొద్దీ. ఆ శుద్ధి చేసేది మన పాత ఆసుపత్రిలో గోడకి కట్టేసి ఉంది, అందుకే లారీ ఎక్కించలేకపోయారు. అది లేకుండా ఇది ఒట్టి పెట్టె."

"మరి లైట్లు వెలుగుతున్నాయి కదా."

"కరెంటుంది. లైట్లు వెలుగుతాయి. అంతే."

"అంతేనా?"

"అంతే టైలర్ గారూ."

"ఇంత చేసి వచ్చాను. పౌడరు రాసుకుని వచ్చాను. ఏడవాలనుంది సిస్టర్, ఆయాసమొస్తుందని ఏడవట్లేదు."

"ఇంత చలువరాయి పరిచారు, ఒక్క గొట్టం వేయలేకపోయారా? చెప్పేద్దాం సిస్టర్. ఆ కమిటీని నడిపించే ఆవిడ రాగానే నేనే లేచి చెబుతాను. ఈ కుళాయి చేతిలో పెడతాను."

"కుళాయి ముందు గోడకి తగిలించండి. మా ఆసుపత్రిలో పైకప్పు కారి వార్డులో బకెట్లు పెట్టుకుంటున్నాం, బాగు చేయించమంటే ఆటలయ్యాక అంటున్నారు. నాకు మాత్రం చెప్పాలని లేదా? చెబితే ఏమవుతుందో చూడండి. గొడవవుతుంది. తలుపులు మూస్తారు. మిషన్లు ఎవరు తెచ్చారు, ఎవరు తెమ్మన్నారు, ఎవరు నోరు జారారు. ఒక్కొక్కళ్ళనీ నిలబెట్టి అడుగుతారు. అది తేలేదాకా మిషన్లు ఇక్కడే పడుంటాయి. రోజులు పడుతుంది. ఈయనకి అన్ని రోజులు లేవు."

"లేవా సిస్టర్?"

"కాళ్ళు ఇటు చాపండి, చూడనివ్వండి."

"నాకు చెప్పండి. కొలత తెలిస్తే గుడ్డ ఎలా కత్తిరించాలో నాకు తెలుస్తుంది."

"ఇవాళ ఎక్కించాల్సిందే. రేపటిదాకా ఆగడానికి లేదు."

"ఎలా మరి?"

"వినండి. కమిటీ గుమ్మం దాటిందంటే మన పని అయిపోయినట్టే. లారీలు సాయంత్రం వెనక్కొస్తాయి, డ్రైవర్లతో నేనే మాట్లాడాను. విప్పి ఎక్కించి, చీకటి పడేలోపు మన గదిలో దించేస్తారు. నేను మిషను పక్కనే కూర్చుని వస్తాను. దించగానే మొదట మిమ్మల్నే ఎక్కిస్తాను. ఎవరి వంతైనా సరే."

"మొదట నన్నే?"

"మిమ్మల్నే. మాటిస్తున్నాను. మీరు చేయాల్సిందల్లా వాళ్ళు వెళ్ళేదాకా నవ్వుతూ ఉండటం. ఇక్కడ ఎంత త్వరగా అయిపోతే మనకంత మంచిది."

"నవ్వుతాను. ఇదుగో, నవ్వుతున్నాను. తమ్ముడూ, ఎలా ఉంది?"

"బాగుందన్నయ్యా. ఇప్పుడు బాగుంది. రాసిచ్చిన మాటలు ఒక్కసారి ఒప్పచెప్పండి."

"ఇక్కడ బాగా చూస్తున్నారు. మందులు వేళకిస్తున్నారు. కృతజ్ఞతలు."

"అంతే. ఒక్క ముక్క ఎక్కువొద్దు. మధ్యలో సొంత మాటలు వేసి నాటకాలు ముంచినవాళ్ళని నేను చాలామందిని చూశాను."

"ఎందుకు వేస్తాను? నాకు లారీ వస్తే చాలు."

"అడుగుల చప్పుడు. అధికారి ఆవిణ్ణి తీసుకొస్తున్నాడు. నేను పక్కకి వెళ్తున్నాను. ఇద్దరూ జాగ్రత్త."

"ఇటు, ఇటు రండి మేడమ్. ఇది డయాలసిస్ వార్డు. ఏం సిస్టర్, అంతా సిద్ధమేగా? వీళ్ళేనా? ఇతను బాగున్నాడు, సహజంగా ఉన్నాడు. చూడవయ్యా, మేడమ్‌కి మన భాష రాదు. ఆవిడ అడిగింది నేను చెబుతాను, నువ్వు చెప్పింది ఆవిడకి చెబుతాను. నీకిక్కడ ఎలా ఉందని అడుగుతున్నారు."

"ఇక్కడ బాగా చూస్తున్నారు. మందులు వేళకిస్తున్నారు. కృతజ్ఞతలు."

"చాలా సంతోషం అంటున్నారు. ఆ పక్కనతను ఎక్కడో చూసినట్టుందే అంటున్నారు."

"నన్నా సార్? నా మొహం అలాంటిదండీ. అందరూ అంటారు."

"సరే సరే. ఈ కవరు ఎవరు కుట్టారని అడుగుతున్నారు. ఎవరు కుట్టారు? ఇది మన జాబితాలో లేదే."

"నేనే కుట్టాను సార్. జెండా ముక్కలు మిగిలితే."

"రోగులే ప్రేమగా కుట్టుకున్నారని చెప్పాను. బాగా నచ్చింది. తడిమి చూస్తున్నారు. మేడమ్, ఇక ముందుకి... ఇంకో ప్రశ్న ఉందట."

"అడగండి సార్."

"అదేమిటంటే... పక్క దేశంలో వాళ్ళు చూసినవన్నీ వీళ్ళు ఇటు తిరగ్గానే తీసేశారట. మన ఫిర్యాదు మీదే తెలిసిందట. అందుకని ఈ మిషను రేపు కూడా ఇక్కడే ఉంటుందా అంటున్నారు. నన్ను చెప్పొద్దంటున్నారు. నిన్నే చెప్పమంటున్నారు."

"ఉంటుంది సార్."

"ఉంటుందన్నాను. నీ మొహంలోకే చూస్తున్నారు. నమ్మినట్టు లేదు. అయ్యో, కూర్చున్నారేమిటి? నీ మంచం మీదే కూర్చుంటున్నారు. తొందరేం లేదంటున్నారు. మిషను నడవడం చూసే వెళ్తానంటున్నారు. ఏం సిస్టర్, ఇప్పుడేం చెప్పమంటారు?"

"అది... ఇవాళ్టి వంతు పొద్దున్నే అయిపోయిందని చెప్పండి సార్. రోజుకి రెండుసార్లు పెట్టకూడదు."

"చెప్పాను. సరే, అయితే కాసేపు ఈయనతో మాట్లాడతానంటున్నారు. గడియారం విప్పి పక్కన పెట్టుకుంటున్నారు. ఏదో ఒకటి చెప్పవయ్యా, నిజంలా ఉండేది."

"అన్నయ్యా, వద్దు. రాసిచ్చిందే మళ్ళీ చెప్పండి."

"నువ్వు మధ్యలో మాట్లాడకు. ఇతన్ని చెప్పనీ."

"అమ్మా, ఇది ఎక్కడికీ పోదమ్మా. దీన్ని మేం అత్తగారంటాం. కోడళ్ళమీద కోపమొచ్చినా ఇల్లొదిలి పోయే అత్తగారిని ఎక్కడైనా చూశారా మీరు? ఇది పక్కనుంటే నేను పిల్లాడిలా నిద్రపోతాను. ఒక్కరోజు కనపడకపోతే నాకు ఊపిరాడదు. కాళ్ళకి నీరు పడుతుంది. పడుకోలేను, గోడకానుకుని కూర్చుని తెల్లారే దాకా చూస్తుంటాను. నేనే కాదు, నాలాంటివాళ్ళెవరూ ఇది లేకపోతే బతకరు. దీన్ని మా దగ్గర్నుంచి తీసుకుపోయేవాడు మనిషై ఉండడు. ఇక్కడ అలాంటివాళ్ళు లేరు. అంత అనుమానంగా ఉంటే మీరే చెప్పి వెళ్ళండమ్మా, ఈ గదిలోంచి దీన్ని ఎవరూ కదపొద్దని. మీ మాటైతే వింటారు. అది చెప్పి మీరు నిశ్చింతగా వెళ్ళండి."

"అంతా చెప్పాను. అబ్బ. కళ్ళు తుడుచుకుంటున్నారు. నీ చెయ్యి పట్టుకుంటారట. ఆ చెయ్యి కాదు, గొట్టం ఊడుతుంది, ఇటు చెయ్యివ్వు. లేచారు. ఇటు మేడమ్, మెట్లు జాగ్రత్త. సిస్టర్, మీరు కూడా రండి, కింద సంతకాలున్నాయట. భలేవాడివయ్యా, ఎక్కడ పట్టాడు నిన్ను కాంట్రాక్టరు?"

"వెళ్ళిపోయారా తమ్ముడూ?"

"వెళ్ళిపోయారు. మెట్లు దిగుతున్నారు."

"కాస్త వీపు కింద చెయ్యి వేసి లేపండి. ఊ. చాలు."

"రాసిచ్చింది దాటేశారన్నయ్యా."

"దాటేశాను. ఆవిడ మంచం దిగట్లేదు తమ్ముడూ. గడియారం విప్పి పెట్టుకుంది. నాకు లారీ తప్పిపోతుందేమోనని ఒకటే భయం. ఎక్కువైందంటారా?"

"నేనింతకాలం వేషాలు వేశాను. నా మాటలకి ఎవరూ అలా ఏడవలేదు."

"అది వేషం కాదు."

"తెలుసు. వింటుంటే నాకే ఎలాగో అయిపోయింది. ఇక ఈ కమిటీల పనికి నేను రాను. ఒట్టేసుకుంటున్నాను."

"ఎందుకు మానేయడం? మీకూ ఇల్లుంటుంది కదా. కిటికీలోంచి చూడండి, లారీలొచ్చాయా?"

"వచ్చాయి. వరసగా నిలబడ్డాయి."

"మనవాళ్ళేనా? తాళ్ళున్నాయా?"

"తాళ్ళున్నాయి. కూలీలు కూడా దిగారు."

"హమ్మయ్య."

"కమిటీ ఆవిడ కింద నిలబడి అధికారితో ఏదో మాట్లాడుతోంది. సిస్టర్ కూడా అక్కడే ఉంది. ఇప్పుడు కారెక్కుతోంది. ఎక్కింది. వెళ్ళింది."

"ఇక పైకొస్తారు. నన్ను కూడా లారీలోనే కూర్చోబెట్టుకోమంటాను. మిషను పక్కనే. మీరు కాస్త చెయ్యి పట్టుకుని దించండి తమ్ముడూ, మెట్లు నావల్ల కాదు."

"మెట్లేమిటి, ఎత్తుకుని దించుతాను. నాటకంలో ఇంతకంటే బరువైనవాళ్ళనే మోశాను."

"కూలీలు పైకొస్తున్నారా?"

"లేదే. మళ్ళీ లారీలెక్కుతున్నారు."

"అటు పక్క గుమ్మానికి తిప్పుతారేమో. ఇటు మెట్లున్నాయి కదా."

"అవునేమో. గేటు వైపు తిప్పుతున్నారు. అటు పక్క కూడా గుమ్మం ఉందా అన్నయ్యా?"

"ఉండే ఉంటుంది. ఇంత ఖర్చు పెట్టి కట్టారు. సిస్టర్ వస్తోంది, ఆవిణ్ణే అడుగుదాం. రండమ్మా, రండి. త్వరగా అయిపోయింది కదా. మీరు చెప్పినట్టే నవ్వాను."

"చూశాను టైలర్ గారూ."

"మా ఆవిడకి ఒక్క ఫోను చేసిపెట్టండి. వరండాలో దుప్పటి మడిచేయమనండి. ఇవాళ మొదటి వంతు మాదేనని చెప్పండి. వేడినీళ్ళతో చెయ్యి కడగాలంటారు కదా మీరు, నీళ్ళు పెట్టి ఉంచమనండి. నా సంచిలో వేరే చొక్కా ఉంది, అది కూడా."

"నీళ్ళు తాగుతారా కాసిని?"

"నీళ్ళా? గుక్కెడు కూడా ముట్టుకోవద్దని చెప్పేది మీరే కదా. ఇవాళేమిటి?"

"తాగాలనిపిస్తే తాగండి."

"ఏమిటి సిస్టర్ అలా ఉన్నారు? మీ చేతిలో ఆ ఎర్ర టేపు దేనికి? ఈయనతో చెప్పండి, లారీలు ఎటు వెళ్ళాయి?"

"వెళ్ళిపోయాయి."

"ఎక్కడికమ్మా?"

"ఆవిడ వెళ్తూ వెళ్తూ మీకొక మాట చెప్పమంది టైలర్ గారూ. భయపడొద్దట. మీరు అడిగినట్టే, ఆటలు అయిపోయేదాకా ఈ గదిలోంచి ఒక్క మిషనునీ ఎవరూ కదపకుండా సీలు వేయించి వెళ్తోందట."